బండి సంగతులు: సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నేను టీచర్‌ని. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. ఇన్నాళ్లూ చిన్న కారుతో సర్దుకున్నాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, వంగి కూర్చోలేకపోతున్నారు. కాస్త ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుందామని క్రెటా, సెల్టోస్ చూస్తున్నాం. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ దగ్గర 2021 డీజిల్ బండి ఉంది. 54 వేల కిలోమీటర్లు తిరిగింది, సింగిల్ హ్యాండ్, తొమ్మిదిన్నర లక్షలు అంటున్నారు. చూడటానికి కొత్తదానిలా మెరిసిపోతోంది. అడ్వాన్స్ ఇవ్వమని రోజూ ఫోన్లు చేస్తున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. మా వారు రోజూ పట్నం బజారు షాపుకి వెళ్లి రావడానికి, నెలకో రెండు నెలలకో ఒకసారి ఊరికి వెళ్లడానికి వాడతాం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందని చెప్పినా సరే, ఆపండి. ఆ బండి పోతే పోయింది. ఈ సైజు బండ్లు విజయవాడ, గుంటూరులో ఏ వారం చూసినా బోలెడు అమ్మకానికి ఉంటాయి.

మీ ఉత్తరం చదవగానే నాకు తట్టిన ప్రశ్న ఒకటే. ఈ బండి 2024 సెప్టెంబరు 1న ఎక్కడుంది?

ఆ ఆదివారం బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా పాయకాపురం మీదికి వచ్చింది. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, అన్నీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మా వీధిలో కొన్ని కార్లకి పైకప్పు ఒక్కటే కనిపించింది. మా సొంత కారు కూడా మునిగింది. నీళ్లు తగ్గాక, నేను ఇంటికి చేరేలోపే మా బావమరిది, పాపం సాయం చేద్దామనే, తాళం పెట్టి సెల్ఫ్ కొట్టాడు. రెండు తిప్పులు తిరిగి టక్కుమని ఆగిపోయింది. తర్వాత ఇంజన్ విప్పి చూస్తే రెండో సిలిండర్‌లో పిస్టన్ మిగతా మూడింటి కన్నా గోరు మందం కిందికి ఉంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు కదా. పిస్టన్ పైకొచ్చేసరికి సిలిండర్‌లో నీళ్లు అడ్డం పడి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

మాది ఆగిపోయింది కాబట్టి తెలిసింది. కొన్ని బండ్లలో రాడ్ కొంచెమే వంగుతుంది. అలాంటి బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, టెస్ట్ డ్రైవ్‌లో మామూలుగానే ఉంటుంది. కొన్ని నెలలు పోయాక ఏ హైవే మీదో రాడ్ విరిగి ఇంజన్ బ్లాకు పగులుతుంది. అప్పటికి బండి చేతులు మారిపోయి ఉంటుంది.

వరద మరుసటి వేసవిలో ఒక కుటుంబం, కొనే ముందు ఒకసారి చూడమని, తెల్ల ఎస్‌యూవీ ఒకటి మా షెడ్డుకు తెచ్చారు. పాలిష్ చేసిన బాడీ, కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల మంచి సెంటు వాసన. ఆ సెంటు వాసన దగ్గరే నాకు అనుమానం వచ్చింది. వెనక సీటు బెల్టు పట్టుకుని మెల్లగా చివరిదాకా లాగాను. మామూలుగా మనం వాడేంత వరకూ శుభ్రంగా ఉంది. ఆఖరి మూరలో, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చోట, లేత గోధుమరంగు గీత అడ్డంగా కనిపించింది. వేలితో రుద్దితే సన్నటి మట్టి అంటింది. కార్లు కడిగేవాళ్లు సీట్లు కడుగుతారు, డ్యాష్‌బోర్డు తుడుస్తారు. బెల్టు చుట్ట లోపలిదాకా ఎవరూ వెళ్లరు.

ఆ తర్వాత డ్రైవర్ సీటు మొత్తం వెనక్కి జరిపి టార్చి పట్టాను. సీటు పట్టాల బోల్టులకు తుప్పు. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, సీటు కింద ఉండే పసుపు రంగు కనెక్టరు విడదీశాను. లోపల పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము. తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు పడుతుందే, అదే. ఆ పసుపు కనెక్టరు ఎయిర్‌బ్యాగ్‌ది. దాన్ని మీరు మాత్రం ముట్టుకోకండి, మెకానిక్ చేతే తీయించండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే. మునిగిన బండికి ఇంజన్ బాగు చేయించుకోవచ్చు, డబ్బుతో అయిపోయే పని. ఎయిర్‌బ్యాగులను నడిపించే పెట్టె చాలా బండ్లలో రెండు ముందు సీట్ల మధ్య, గేర్ లివర్ కింద, ఫ్లోరుకు ఆనుకుని ఉంటుంది. కారులోకి నీళ్లు వస్తే ముందుగా తడిసేవాటిలో అదొకటి. అది చెడిపోయిన సంగతి రోజూ నడిపేటప్పుడు తెలియదు. గుద్దుకున్న రోజున తెరుచుకోకపోతేనే తెలుస్తుంది. వెనక పిల్లలు కూర్చునే బండి అమ్మా ఇది, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

కాబట్టి మీరు చూడబోయే బండిలో తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, మీటర్ బోర్డు వంక చూడండి. ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలగాలి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, ఎవరో దాన్ని నొక్కిపెట్టారన్నమాట. తర్వాత బెల్టులు ఐదూ లాగండి. డిక్కీలో స్టెప్నీ పైకి తీయించి ఆ గుంట మూలల్లో వేలు పెట్టండి. ముందు సీటు దగ్గర కార్పెట్ అంచు లేపి కింద స్పాంజి నొక్కండి. తడి ఆరినా ఆ వాసన పోదు. హెడ్‌లైట్ గాజు లోపల అడుగున సన్నటి మట్టి పొర ఉందేమో చూడండి. ఏసీ ఫుల్లుగా పెట్టి మొదటి నిమిషంలో వచ్చే గాలి వాసన చూడండి. వీటన్నిటికీ మెకానిక్ అక్కర్లేదు, పావుగంట టైమూ ఒక టార్చీ చాలు.

కాగితాల్లోనూ వరద జాడ దొరుకుతుంది. వరుసగా మూడేళ్ల ఇన్సూరెన్స్ పాలసీ కాపీలు అడగండి. క్లెయిమ్ లేకుండా సాగితే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఏటా 20, 25, 35, 45, 50 శాతం అలా పెరుగుతూ పోతుంది. 2021 బండికి 2024 మొదట్లో 35 శాతం ఉండి, మరుసటి రెన్యువల్‌లో సున్నాకు పడిపోయి ఉంటే మధ్యలో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. దేనికో అడగండి. గీతలకు క్లెయిమ్ చేసుకుంటే ఫర్వాలేదు, ఆ బిల్లు చూపిస్తారు. బోనస్ చక్కగా ఉంది కదా, ఇక బండి మునగలేదు అని మాత్రం అనుకోవద్దు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్నవాళ్లు చాలామంది వరదకు క్లెయిమ్ చేయలేకపోయారు, సొంత డబ్బుతో బాగు చేయించుకుని అమ్ముకున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను, ఆ నెలలో మా వీధి ఎలా ఉందో నాకు తెలుసు. కానీ కొనేవాళ్లకు చెప్పి అమ్మాలి.

ఇక బండిని ఏదైనా మంచి షెడ్డులో స్కానర్ పెట్టించండి. చాలామంది డీజిల్ మెకానిక్‌ల దగ్గర ఇప్పుడు అది ఉంది. ఎర్రర్ కోడ్లు, అంటే బండి కంప్యూటర్ రాసిపెట్టుకునే లోపాల గుర్తులు, ఏమీ లేవని చెప్పగానే సరే అనకండి. కోడ్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా స్కానర్లు చూపిస్తాయి. 54 వేలు తిరిగిన బండిలో కోడ్లు 11 కిలోమీటర్ల కిందటే చెరిపి ఉంటే, మీరు వస్తున్నారని తెలిసి చెరిపారన్నమాట. రెండు రోజులు తిప్పి మళ్లీ తెమ్మనండి. అదే షెడ్డులో నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, చూడమని చెప్పండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువగా వస్తే, పైన నేను చెప్పిన వంగిన రాడ్ గుర్తు తెచ్చుకోండి.

54 వేల మాట నిజమో కాదో చూడాలంటే షోరూమ్ సర్వీస్ రికార్డు ఓనరు చేత తెప్పించండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉందో వరుసగా అందులో ఉంటుంది. మీటర్ తిప్పిన బండి ఆ వరుసలో దొరికిపోతుంది. రికార్డు లేదంటే బ్రేక్, క్లచ్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పట్టే చోటు, డ్రైవర్ సీటు కుడి అంచు చూడండి. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు కూడా చూడండి. 1421 అని ఉంటే 2021లో 14వ వారం తయారైన టైరు. స్టెప్నీ టైరు తేదీ, బండి తయారైన నెల దగ్గరదగ్గరగా ఉండాలి.

ఇప్పుడు అసలు మాట. మీ వాడకానికి డీజిల్ ఎందుకమ్మా? 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్ 6 బండ్లు, అంటే పొగ మీద కొత్త కాలుష్య నిబంధనలకు తగ్గట్టు చేసినవి. డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటాం. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంలో నడవాలి. బ్రాడీపేట నుంచి పట్నం బజారుకు ఎంత తిరిగి వెళ్లినా నాలుగు కిలోమీటర్లు ఉండదు, అదీ ఆగుతూ ఆగుతూ. ఇంజన్ వేడెక్కేలోపే షాపు వస్తుంది. మసి కాల్చడం మొదలుపెట్టడం, మధ్యలో ఆపేయడం, మళ్లీ మొదలుపెట్టడం. కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. కొన్నాళ్లకు ఫిల్టర్ మూసుకుపోయి మీటర్ మీద లైటు వస్తుంది. ఫిల్టర్ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు మీరు ఊహించేదానికన్నా చాలా ఎక్కువ. నెలకో రెండు నెలలకో ఒక ఊరి ప్రయాణం దీన్ని కాపాడలేదు.

అందుకని ఆ కన్సల్టెన్సీ బండిలోనూ ఇదొకటి చూడండి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి తీయండి. ఆయిల్ పై గీత దాటి ఉండి, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే, ఆ బండిని ఇప్పటిదాకా ఊళ్లోనే తిప్పారు. ఆ ఫిల్టర్ సగం పని అయిపోయినట్టే.

నన్నడిగితే క్రెటా, సెల్టోస్ రెండింటిలోనూ ఒకటిన్నర లీటర్ పెట్రోల్ ఇంజన్ బండ్లు వచ్చాయి, అవి చూడండి. మైలేజీ తక్కువే, కాదనను. మీరు తిరిగే నాలుగైదు వందల కిలోమీటర్లకు నెలకు వచ్చే తేడా ఎంతో మీవారిని కాగితం మీద వేసి చూడమనండి. సెకండ్ హ్యాండ్‌లో అదే ఏడాది పెట్రోల్ బండి డీజిల్ కన్నా సాధారణంగా తక్కువకే వస్తుంది కూడా. మీవారు వారానికి మూడుసార్లు హైదరాబాద్ వెళ్లేవారైతే నేనే డీజిల్ కొనమని చెప్పేవాణ్ని.

వేరియంట్ పేరు కూడా అడగండి. 2021లో ఈ రెండు బండ్లలోనూ కింది వేరియంట్లకు ముందు రెండే ఎయిర్‌బ్యాగులు, ఆరు ఉన్నవి పై వేరియంట్లే. సన్‌రూఫ్ ఉందా అని అందరూ అడుగుతారు, ఇది మాత్రం అడగరు. నా లెక్కలో రెండేళ్లు పాతదైనా ఆరు ఎయిర్‌బ్యాగుల బండే మేలు.

టెస్ట్ డ్రైవ్‌కు పొద్దున్నే వెళ్లండి. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు చేసే చప్పుడు, వదిలే పొగ చాలా నిజాలు చెబుతాయి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళుతోంది. వారధి దాటి మంగళగిరి వైపు హైవే మీద ఒకసారి, ఆటోనగర్ లోపలి గుంతల రోడ్ల మీద మెల్లగా, ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు దించి ఒకసారి నడపండి. గుంతలో పడ్డప్పుడు ముందు చక్రాల దగ్గర టకటకమంటే బుష్‌లు, లింకులు పోయాయి. అది పెద్ద ఖర్చు కాదు, ధరలో తగ్గించుకోవచ్చు. వెనక ఎవరూ లేనప్పుడు ఎనభైలో గట్టిగా బ్రేక్ కొట్టండి, బండి ఒక పక్కకి లాగకూడదు, స్టీరింగ్ వణకకూడదు.

అన్నిటికన్నా ముందు అత్తగారిని తీసుకెళ్లండి. వెనక డోరు తీసి నాలుగుసార్లు ఎక్కి దిగమనండి. ఈ బండి కొంటున్నదే ఆవిడ మోకాళ్ల కోసం. కొన్ని ఎస్‌యూవీల్లో గడప ఎత్తు ఎక్కువై ఎక్కడానికే కష్టమవుతుంది. సీటు ఆవిడ నడుముకు సరిగ్గా అందే ఎత్తులో ఉండాలి. నేను ఎన్ని స్కానర్లు పెట్టినా అది చెప్పలేను.

ప్రశ్న: నాది విజయవాడ పటమట. హైదరాబాద్‌లో మా స్నేహితుడికి తెలిసినవారి దగ్గర తెలంగాణ నంబరు ఎస్‌యూవీ ఇక్కడి రేటు కన్నా లక్షన్నర తక్కువకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ ఆ లక్షన్నరలో ఎంత మిగులుతుందో ముందు లెక్క వేసుకోండి. బండి ఇక్కడే ఉంచుకుంటారు కాబట్టి తెలంగాణ ఆర్టీఏ దగ్గర నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అది ఫారం 28. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఏపీ నంబరు వేయించుకోవాలి. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది ఎవరు పెడతారో, ఎవరికి వస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. ఓనరుషిప్ మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఆర్‌సీలో హైపోతికేషన్, అంటే బండి మీద లోన్ తాకట్టు, ఉందో లేదో, బ్లాక్‌లిస్టులో పెట్టారేమో రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే వస్తుంది. పెండింగ్ చలాన్లు రెండు రాష్ట్రాల్లోనూ చూసుకోండి.

ఇంకో మాట. ఇదివరకు ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని నంబరు చూసి చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక బండి ఏ ఊళ్లో తిరిగిందో నంబరు చెప్పదు. ఏ ఆర్టీఏలో రిజిస్టర్ అయిందో, ఓనరు అడ్రసు ఎక్కడో ఆర్‌సీలోనే చదవాలి. హైదరాబాద్ బండి కదా, బుడమేరు నీళ్లు తగిలి ఉండవు అనుకోకండి. అక్కడా 2020 అక్టోబరు వానలకు కాలనీలు మునిగాయి. సీటు బెల్టు ఆ బండికీ లాగండి.

ప్రశ్న: తెనాలి నుంచి రాస్తున్నాను. నచ్చిన బండికి ముందు బంపర్, ఒక డోరు రంగు వేయించినట్టు మెకానిక్ చెప్పాడు. యాక్సిడెంట్ బండి అని వదిలేయమంటారా?

జవాబు: దానికే వదిలేయకండి. మన రోడ్ల మీద నాలుగేళ్లు తిరిగి బంపర్‌కి రంగు పడని బండి దొరకడం కష్టం. బంపర్, డోరు పైపైన తొడిగే భాగాలు. చూడాల్సింది బండి ఎముకలు. ముందు డోరు తీసి రబ్బరు బీడింగ్ మెల్లగా లాగి పక్కకు తప్పించండి. దాని వెనక కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో, గుండ్రంగా ఉంటాయి. అవి కనిపించకుండా పుట్టీతో నున్నగా ఉన్నా, వంకర టింకర వెల్డింగ్ గీత ఉన్నా ఆ బండి వద్దు. అలాగే నాలుగు డోర్ల స్తంభాలకూ చూడండి. బానెట్ తీసి రెండు పక్కలా చక్రాల పైన ఉండే ఏప్రాన్లు, వాటి మీద బోల్టులు చూడండి. స్పానర్ పడ్డ బోల్టు మూలల్లో రంగు చిట్లి ఉంటుంది. బానెట్ బోల్టు ఒక్కటే విప్పి ఉంటే ఏదో రిపేరు, ఏప్రాన్, రేడియేటర్ సపోర్టు బోల్టులు కూడా విప్పి ఉంటే ముందు నుంచి గట్టిగానే తగిలింది.

రంగు మందం కొలిచే మీటరు ఉన్న టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది. కంపెనీ రంగు చాలా బండ్లలో 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మళ్లీ రంగు వేస్తే అంతకు రెట్టింపు, కింద పుట్టీ పెట్టి ఉంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. మీ డోరు మీద 250 వస్తే గీత పడి రంగు వేయించారనుకోండి. పైకప్పు మీదా, స్తంభాల మీదా ఆ అంకె వస్తే బండి బోల్తా కొట్టి ఉండొచ్చు, తాళం తిరిగి ఇచ్చేయండి.